నీలగిరి ఆవిరి బండికి సికింద్రాబాద్ బృందం: ఎక్కడ నిలబడాలి, ఏం పట్టుకెళ్లాలి, ఏం చేయకూడదు

కాచిగూడ మీటర్‌గేజ్:
అందరికీ నమస్కారం. జనవరిలో సికింద్రాబాద్ నుంచి పద్దెనిమిది మందిమి మెట్టుపాళయం–ఊటీ కొండ రైలుకు వెళ్తున్నాం. నలుగురు చిన్నపిల్లలు, డెబ్బై దాటిన పెద్దవాళ్లు ఇద్దరు. కెమెరాలు పట్టుకొచ్చేవాళ్లు ఏడుగురు, వాళ్లలో నలుగురు పనిచేస్తున్న ఆవిరి ఇంజన్‌ని దగ్గరగా చూడటం ఇదే మొదలు. "జాగ్రత్తగా ఉండండి" అన్నంత మాత్రాన ఎవరికీ ఏమీ తెలియదు. ఎన్ని అడుగుల దూరం, ఏ వైపు, ఎందుకు అన్నది అంకెలతో రాయగలరా? ప్రింట్ తీసి అందరికీ పంచుతాను.

మౌలాలి యార్డు:
ముందు ప్రయాణం లెక్క చూసుకోండి. శబరి ఎక్స్‌ప్రెస్ మిమ్మల్ని మర్నాడు పొద్దున కోయంబత్తూరులో దింపుతుంది. కొండ బండి మెట్టుపాళయంలో 7:10కే వెళ్లిపోతుంది కాబట్టి ఆ రోజు అందదు. ఆ రాత్రి మెట్టుపాళయంలో బస చేసి, తర్వాతి రోజు ఎక్కాలి. చెన్నై మీదుగా వెళ్తే నీలగిరి ఎక్స్‌ప్రెస్ నేరుగా మెట్టుపాళయం చేరుస్తుంది, కొండ బండికి అదే కనెక్షన్. అయితే రెండు రాత్రులు వరసగా రైల్లో గడిపి పిల్లల్ని పొద్దున్నే కొండెక్కించడం మంచిది కాదు, నా ఓటు శబరికే.

మెట్టుపాళయం నుంచి కూనూరు దాకా రోజుకు ఒక్కటే బండి. కూనూరు–ఊటీ మధ్య వేరే బండ్లు తిరుగుతాయి గానీ వాటిని లాగేది డీజిల్ ఇంజన్. చాలామంది కూనూరు–ఊటీ టికెట్ కొనేసి "ఆవిరి ఇంజన్ ఏదీ?" అని వెతుక్కుంటారు. టికెట్ మెట్టుపాళయం నుంచే ఉండాలి. ముందస్తు బుకింగ్ 60 రోజులే, సీట్లు తక్కువ, పద్దెనిమిది మందికి ఒకే టికెట్ రాదు. ఆరేసి మంది చొప్పున మూడు టికెట్లు మొదటి రోజు పొద్దున్నే తీయండి.

నెల బాగా ఎంచుకున్నారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు కొండచరియలు పట్టాల మీద పడి కొండ ఎక్కడం మొదలయ్యే కల్లార్ నుంచి కూనూరు మధ్య బండి రద్దవడం తరచూ జరిగేదే. జనవరి చలికి ఇంకో లాభం, గాలి ఎంత చల్లగా ఉంటే ఆవిరి అంత తెల్లగా, చిక్కగా కనిపిస్తుంది.

బేగంపేట లూప్:
భయ్యా, ఫొటోల కోసం ఇంజన్ పక్క పెట్టెల కూసుంటే అయిపాయె. ఇంజన్ ముందుంటది కదా, కిటికీలకెల్లి మొత్తం కనవడ్తది.

పొగబండి పద్మ:
ఎక్కేటప్పుడు ఇంజన్ ముందు ఉండదండీ, వెనకాల ఉంటుంది. కొండ మీదికి బండిని కిందివైపు నుంచి నెడుతుంది. కప్లింగ్ తెగినా పెట్టెలు ఇంజన్‌ని దాటి దిగువకు జారిపోకూడదని ఆ ఏర్పాటు. ఒక్కో పెట్టె వసారా మీద బ్రేక్స్‌మన్ ఉండేదీ అందుకే. కల్లార్ నుంచి కూనూరు దాకా ఎక్కువలో ఎక్కువ 12 అడుగులకు ఒక అడుగు ఎత్తు లేస్తుంది, మామూలు చక్రాలు ఆ వాలు మీద జారిపోతాయి. అందుకని పట్టాల మధ్య రెండు పళ్ల కడ్డీలు పక్కపక్కన బిగించారు. ఒక కడ్డీ పన్ను ఉన్నచోట రెండోదాని సందు వచ్చేలా అమరుస్తారు, ఇంజన్ కింది పళ్ల చక్రం ఎప్పుడూ ఏదో ఒక పన్ను పట్టుకునే ఉంటుంది. దాన్ని ఆబ్ట్ పద్ధతి అంటారు. ఈ లైను మీద నడిచే ఎక్స్ క్లాస్ ఇంజన్లకు నాలుగు సిలిండర్లు, రెండు మామూలు చక్రాలకు, రెండు పళ్ల చక్రాలకు. అసలు డిజైన్ స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థుర్‌ది, ఇటీవలి ఇంజన్లు తిరుచ్చి గోల్డెన్ రాక్ వర్క్‌షాప్‌లో కట్టినవి.

దీనివల్ల మీకు తేలేదేమిటంటే, ఎక్కేటప్పుడు ఇంజన్ ఫొటో కావాలంటే చివరి పెట్టె, కొండ దృశ్యం కావాలంటే మొదటి పెట్టె. కూనూరు నుంచి దిగేటప్పుడు ఇంజన్ దిగువ వైపే, అంటే బండికి ముందు ఉంటుంది. పొగ పెట్టెల మీదికి వస్తుంది. సొరంగాలు 16 ఉన్నాయి, ప్రతిదాని ముందూ కిటికీ మూసేయండి.

బేగంపేట లూప్:
మంచిగ చెప్పిన్రు అక్కా. నాది తప్పే.

పొగబండి పద్మ:
పర్లేదు తమ్ముడూ, చాలామంది అలాగే అనుకుంటారు.

ఇక ఇంజన్ పక్కన నిలబడటం గురించి. ఏ వైపు నుంచి ఏం బయటికి వస్తుందో తెలిస్తే ఎక్కడ నిలబడాలో మీకే అర్థమవుతుంది.

సిలిండర్ కాక్స్ (సిలిండర్లలోని నీరు వదిలే చిన్న కుళాయిలు) సంగతి మొదట. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు సిలిండర్లలోని ఆవిరి చల్లారి నీరవుతుంది. నీరు నొక్కితే కుదించుకోదు. అది లోపల ఉండగా పిస్టన్ కదిలితే సిలిండర్ మూత పగిలే ప్రమాదం ఉంది. అందుకే బయలుదేరేటప్పుడు డ్రైవర్ కాక్స్ తెరిచి ఆ నీటిని బయటికి చిమ్మిస్తాడు. వాటి నోళ్లు ఇంజన్ ముందు భాగంలో, నేలకు దగ్గరగా ఉంటాయి. పెద్దవాళ్లకు అది మోకాళ్ల కింద, నాలుగేళ్ల పిల్లకు ముఖం ఎత్తు. విజిల్ మోగిందంటే సిలిండర్ పక్కన ఎవరూ ఉండకూడదు. 5 మీటర్లు వెనక్కి, వీలైతే క్యాబ్ (డ్రైవర్ ఉండే గది) వైపుకు జరగండి.

ఇంకో మాట. తెల్లటి మేఘంలా కనిపించేది అప్పటికే కొంత చల్లారిన ఆవిరి. గొట్టం నోటి దగ్గర ఏమీ కనిపించని ఆ జానెడు ఖాళీలోనే అసలు ఆవిరి ఉంటుంది. మొదటిసారి చూసేవాళ్లు సరిగ్గా అక్కడే చెయ్యి పెడతారు.

బ్లోడౌన్ దానికంటే ప్రమాదం. బాయిలర్ అడుగున చేరిన మడ్డిని ఒత్తిడితో బయటికి తోస్తారు. పాత బ్రాడ్‌గేజ్ డబ్ల్యూపీ ఇంజన్ బాయిలర్ ఒత్తిడి చదరపు అంగుళానికి 210 పౌండ్లు. ఆ ఒత్తిడిలో నీరు సుమారు 200 డిగ్రీల దగ్గర మరుగుతుంది. బయటికి రాగానే నీరు పేలినట్టు ఆవిరై పక్కకు చాలా దూరం ఎగజిమ్ముతుంది. షెడ్డులోగానీ యార్డులోగానీ సిబ్బంది చెయ్యి ఊపి పక్కకు వెళ్లమంటే కారణం అడగకుండా వెళ్లిపోండి. సేఫ్టీ వాల్వ్ లేవడం హానికరం కాదు, పైకే పోతుంది, కానీ చప్పుడు చెవులు చిల్లులు పడేలా ఉంటుంది. ఉలిక్కిపడ్డ పిల్ల ఎటు పరిగెడుతుందో చెప్పలేం. ఇంజన్ దగ్గరున్నంతసేపూ పిల్లల చెయ్యి పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి, వేలు కాదు, మణికట్టు పట్టుకోండి.

కంకరరాయి:
పద్మ గారు ఇంజన్ సంగతి చెప్పారు, నేను పట్టాల పక్క దూరం లెక్క చెప్తాను.

మన బ్రాడ్‌గేజ్ వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. పెట్టె వెడల్పు దాదాపు 3,250. తీసేసి సగం చేస్తే, పట్టా నుంచి పెట్టె బయటికి పొడుచుకొచ్చేది సుమారు 79 సెంటీమీటర్లు. రెండున్నర అడుగులపైనే! మెట్లు, పట్టుకునే కడ్డీలు, తెరిచి ఉన్న తలుపులు అదనం. కెమెరా తెరలో చూస్తే బండి పట్టాల మీదే ఉన్నట్టు కనిపిస్తుంది, దాని ఒళ్లు కనిపించదు. వైడ్ లెన్స్ అయితే మరీ దూరంగా చూపిస్తుంది.

2024 జూన్‌లో మెక్సికోలోని హిడాల్గో రాష్ట్రంలో జరిగింది సరిగ్గా ఇదే. కెనడా నుంచి వచ్చిన 2816 నంబరు ఆవిరి ఇంజన్‌ని చూడటానికి జనం పట్టాల పక్కన చేరారు. ఒక యువతి సెల్ఫీ కోసం పట్టాకు దగ్గరగా మోకాళ్ల మీద కూర్చుంది. ఇంజన్ భాగం తలకు తగిలి అక్కడే చనిపోయింది. ఆమె పట్టాల మీద లేదు, పక్కన ఉంది. 

కాబట్టి మీ ఏడుగురు కెమెరావాళ్లకూ ఒకే పద్ధతి పెట్టండి. ఎక్కడ నిలబడాలో బండి రాకముందే తేల్చుకోవాలి. ప్లాట్‌ఫారం అయితే పసుపు గీత వెనక, ట్రైపాడ్ అయితే అంచు నుంచి కనీసం రెండున్నర మీటర్లు. ఆగకుండా వెళ్లే బండి లేపే గాలికి ట్రైపాడ్ పడిపోవచ్చు, అది పట్టాల వైపు కూడా పడొచ్చు. బండి కనిపించాక ఎవరూ స్థలం మారకూడదు, ఫ్రేమ్ చెడినా సరే. ఫొటో తీసేవాళ్లు నలుగురికి ఒకరు చొప్పున కావలి మనిషి ఉండాలి. అతను ఆవిరి ఇంజన్ వైపు వీపు పెట్టి రెండో లైను చూస్తూ ఉండాలి. కష్టమైన పని, అందుకే వంతులు వేసుకోండి.

రెండో లైను గురించి ఎందుకు ఇంతగా చెప్తున్నానంటే, నీలగిరిలో ఒకటే లైను గానీ బ్రాడ్‌గేజ్ మీద వచ్చే ఆవిరి స్పెషల్స్ చూసేటప్పుడు అసలు ప్రమాదం అక్కడే. అందరి చూపూ పొగ మీద, అందరి చెవులూ ఆ చప్పుడు మీద. వెనక లైను మీద 130 కిలోమీటర్ల వేగంతో వచ్చే కరెంటు బండి సెకనుకు 36 మీటర్లు వస్తుంది. 300 మీటర్ల దూరంలో కనిపించినా మీకున్నది ఎనిమిది సెకన్లు.

సనత్‌నగర్ బైపాస్:
కంకరరాయి గారు చెప్పినదానికి పైనున్న తీగ కూడా కలపాలి. మన సికింద్రాబాద్ చుట్టుపక్కల లైన్లన్నీ 25 కేవీ, అంటే 25 వేల వోల్టులు. తీగను ముట్టుకుంటేనే షాక్ కొడుతుందనుకోవడం పొరపాటు, దగ్గరికి వెళ్తే చాలు గాల్లోంచి దూకుతుంది. రైల్వే నియమం ప్రకారం రెండు మీటర్ల లోపలికి మనిషిగానీ, చేతిలోని వస్తువుగానీ వెళ్లకూడదు. తీగ ఎత్తు పట్టాల నుంచి సుమారు ఐదున్నర మీటర్లు. ఆరడుగుల మనిషి మూడు మీటర్ల సెల్ఫీ కర్ర పైకెత్తితే లెక్క అయిపోయినట్టే. ఫుట్ ఓవర్ బ్రిడ్జి మీంచి మోనోపాడ్ కిందికి వేలాడదీయడం, గొడుగు తెరవడం, ఆగి ఉన్న వ్యాగన్ ఎక్కడం, అన్నీ ఇదే కోవ.

పాత ఆవిరి ఇంజన్ తీగల కింద నడుస్తుంటే దాని టెండర్ (ఇంజన్ వెనక బొగ్గు, నీళ్లు ఉండే బండి) ఎక్కి బొగ్గు మీద నిలబడి ఫొటో అడగకండి. తీగలు లేని కాలంలో కట్టిన ఇంజన్లు అవి, ఎక్కే మెట్లు ఉన్నాయి కదా అని ఎక్కితే తల నేరుగా తీగ దగ్గరికి పోతుంది.

కాచిగూడ మీటర్‌గేజ్:
చాలా వివరంగా ఉంది, ధన్యవాదాలు. రెండు ప్రశ్నలు. డ్రైవర్ని పలకరించడానికి అందరం చేతులు ఊపుదాం అనుకున్నాం, సరేనా? నీళ్లు పట్టుకునే స్టేషన్లలో దిగొచ్చా?

మౌలాలి యార్డు:
మొదటిదానికి: ఒక చెయ్యి ఊపండి, రెండు చేతులూ తల పైకి ఎత్తకండి. జెండా లేనప్పుడు రెండు చేతులూ తల పైకి చాపితే ఆపమని సంకేతం, డ్రైవర్ బ్రేకు వేస్తాడు. ఎర్ర చొక్కా, ఎర్ర చున్నీ, ఎర్ర టోపీ తీసి ఊపడం అసలే వద్దు. నిజంగా పట్టాల మీద చెట్టో రాయో కనబడితే మాత్రం అదే సంకేతం వాడండి, వెంటనే 139కి ఫోన్ చేయండి. ఎక్కడున్నారో చెప్పడానికి కిలోమీటరు రాయి చూడండి. కరెంటు లైన్లలో అయితే స్తంభం మీది అంకెలు చదవండి, గీతకు ఒకవైపు కిలోమీటరు, ఇంకోవైపు ఆ కిలోమీటరులో స్తంభం వరస. "ఏదో వంతెన దగ్గర" అంటే ఎవరూ కనుక్కోలేరు.

రెండోదానికి: హిల్‌గ్రోవ్ లాంటి చోట్ల బండి నీళ్ల కోసం ఆగుతుంది, అందరూ దిగుతారు. పెట్టెల్లో మరుగుదొడ్లు లేవు, పెద్దవాళ్లకూ పిల్లలకూ ఆ ఆగడమే దిక్కు. ఎక్కేముందు మెట్టుపాళయంలోనే ఒకసారి వెళ్లొచ్చేలా చూడండి. ప్లాట్‌ఫారం వైపే దిగాలి. పాత పెట్టెలకు లోపల ఒక గది నుంచి ఇంకో గదికి దారి ఉండదు, ప్రతి గదికీ బయటి తలుపే. విజిల్ మోగాక పరుగెత్తుకుంటూ ఏదో ఒక తలుపు ఎక్కేస్తే కూనూరు దాకా మీవాళ్లకు మీరు ఉన్నారో లేదో తెలియదు. గదికొకరిని పెద్దగా పెట్టండి, విజిల్‌కు తలలు లెక్కపెట్టి తలుపు గొళ్లెం వేయడం వాళ్ల పని. కోతులు చేతిలో పొట్లం కనబడితే లాక్కుంటాయి, తిండి దాచి దిగండి.

బేగంపేట లూప్:
పట్టాలు దాటి అవతలికెల్లి ఫొటో తీస్తే ఇంజన్ మీద ఎండ మంచిగ పడ్తది కదా, హిల్‌గ్రోవ్‌ల?

కంకరరాయి:
వద్దు తమ్ముడూ. మధ్యలో పళ్ల కడ్డీలు ఉన్నాయి, వాటికి గ్రీజు పూస్తారు. మామూలు పట్టా దాటినట్టు అడుగు వేస్తే కాలు కడ్డీకి తగులుతుంది, లేదా గ్రీజు మీద జారుతుంది. పడితే ఇనప పళ్ల మీదే పడతారు. పైగా ప్లాట్‌ఫారం దాటి పట్టాల మీదికి వెళ్లడం రైల్వే చట్టం 1989 సెక్షన్ 147 కింద నేరం, ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మెట్ల మీద, ఇంజన్ మీద వేలాడితే సెక్షన్ 156. కల్లార్ పైన అంతా అడవి, ఏనుగులు పట్టాలు దాటే చోట్లు ఉన్నాయి. పట్టాల వెంట నడక మార్గం అనుకుని వెళ్లేవాళ్లకు అటు రైలు, ఇటు ఏనుగు, తప్పుకునే చోటు ఉండదు. ఎండ కావాలంటే కెట్టి, లవ్‌డేల్ లాంటి స్టేషన్లున్నాయి, కానీ అక్కడ డీజిల్. ఆవిరికి మెట్టుపాళయం ప్లాట్‌ఫారం పొద్దున 6:30 నుంచి 7 మధ్య బాగుంటుంది. ఇంజన్ వచ్చి తగులుకునేది అప్పుడే.

పొగబండి పద్మ:
ఆ తగులుకోవడం గురించి ఒక్క మాట. ఇంజన్ పెట్టెలకు కలిసేటప్పుడు లోపలివాళ్లు కూర్చునే ఉండాలి. 2023 సెప్టెంబరులో స్కాట్లాండ్‌లోని ఏవీమోర్‌లో ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ ఇంజన్ ఆగి ఉన్న పెట్టెలకు నెమ్మదిగా తగిలినప్పుడే మనుషులకు దెబ్బలు తగిలాయి. నిలబడి సామాను సర్దుకునేవాళ్లకు, వేడి కాఫీ చేతిలో ఉన్నవాళ్లకు ఆ చిన్న కుదుపే చాలు.

క్యాబ్‌లోకి రమ్మని సిబ్బంది పిలిస్తేనే ఎక్కండి, ఒకసారికి ఇద్దరే. నిప్పుగూటి తలుపు ఎదురుగా నిలబడవద్దు. రెగ్యులేటర్ (సిలిండర్లకు ఆవిరి వదిలే పిడి) మూసినప్పుడు బ్లోయర్ (పొగగొట్టంలోకి ఆవిరి ఊది పొగను పైకి లాగేది) తెరిచి లేకపోతే పొగగొట్టం లాగడం ఆగిపోయి మంట తలుపులోంచి క్యాబ్‌లోకి వెనక్కి తంతుంది. సొరంగంలో ఇది ఇంకా తేలిక. సిబ్బందికి ఆ లెక్క తెలుసు, మీకు తెలియదు.

బట్టలు నూలువే వేసుకోండి. నైలాన్, పాలియెస్టర్ మీద నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. నీలగిరిలో చమురుతో మండించే ఇంజన్లు ఉన్నాయి కాబట్టి రవ్వలు తక్కువ, కానీ బొగ్గు ఇంజనే నడిచే డార్జిలింగ్‌కు ఎప్పుడైనా వెళ్తే ఇది బాగా గుర్తుంచుకోవాలి. కిటికీలోంచి తల పెట్టి ఇంజన్ వైపు చూసేవాళ్లు కళ్లజోడు పెట్టుకోండి, పవర్ లేనిదైనా సరే. కంట్లో నలుసు పడితే నలపకూడదు, గరుకు నలుసు కంటి పైపొరను గీస్తుంది. శుభ్రమైన నీళ్లు లోపలి మూల నుంచి బయటికి పారేలా పొయ్యండి. పోకపోతే డాక్టరే. కాంటాక్ట్ లెన్సులు ఆ రోజు ఇంట్లోనే ఉండనివ్వండి.

కాలితే ఉంగరాలు, గాజులు వెంటనే తీసి, పారే చల్లటి నీళ్ల కింద ఇరవై నిమిషాలు. పసుపు, టూత్‌పేస్టు, సిరా ఏవీ రాయొద్దు. ఐసు పెట్టొద్దు. ఇరవై నిమిషాలకు నీళ్లు కావాలంటే మనిషికి రెండు లీటర్లు ఎలాగూ తెచ్చుకోవాలి. స్టీలు సీసాల్లో తెండి, నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం.

సనత్‌నగర్ బైపాస్:
ఎవరైనా కారులో వెంబడించి రోడ్డు మీంచి తీద్దాం అనుకుంటే, నీలగిరికి బయటి బండ్లకు 2024 మే నుంచి ఈ-పాస్ తప్పనిసరి. బయలుదేరేముందే తీసుకోండి. పళ్ల పట్టా మీద బండి వేగం గంటకు 13 కిలోమీటర్లు, కారులో దాన్ని దాటి ముందుకు పోవడానికి తొందర అక్కర్లేదు. డ్రైవింగ్ చేసేవాళ్లు ఫొటోలు తీయకూడదు. మలుపుల్లో ఆపొద్దు, బస్సులు దిగుతూ ఉంటాయి. డ్రోన్ ఆలోచన ఉంటే ఇక్కడే వదిలేయండి.

కాచిగూడ మీటర్‌గేజ్:
ఒక కుటుంబం చిన్న గ్యాస్ స్టవ్ తెచ్చి దారిలో పిల్లలకు పాలు వేడి చేస్తామంటున్నారు. శబరిలో కూడా. ఏం చెప్పాలి?

మౌలాలి యార్డు:
గట్టిగా వద్దని చెప్పండి. 2023 ఆగస్టు 26న మదురై దగ్గర ఆపి ఉంచిన యాత్రికుల పెట్టెలో వంట కోసం దాచి తెచ్చిన గ్యాస్ సిలిండర్ వల్లే మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. బృందం మొత్తం మనవాళ్లే, పెట్టె మనదే అన్న ధీమా అక్కడా ఉండే ఉంటుంది. పాలకు రెండు ఫ్లాస్కులు చాలు. పొద్దున ఇడ్లీలు మెట్టుపాళయంలో కట్టించుకోండి.

ఎప్పుడైనా ఒక పెట్టె లేదా బండి మొత్తం మీకే కావాలంటే ఐఆర్‌సీటీసీ ఎఫ్‌టీఆర్ (పూర్తి చార్జీ కట్టి పెట్టెనో బండినో బుక్ చేసుకునే పద్ధతి) ద్వారా అడగొచ్చు. షెడ్డు లోపల చూడాలంటే దక్షిణ రైల్వే సేలం డివిజన్ అనుమతి ముందే రాతలో తీసుకోవాలి, కూనూరు వెళ్లి గేటు దగ్గర అడిగితే పని జరగదు.

పొగబండి పద్మ:
అంత దూరం వెళ్లేముందు పిల్లల్ని ఒక ఆదివారం కాచిగూడ స్టేషన్‌కు తీసుకెళ్లండి, అక్కడి రైలు మ్యూజియం చూపించండి. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు మొదటి బండి వచ్చిన ఊరు మనది, ఆ కథ వాళ్లకు తెలియాలి. ప్లాట్‌ఫారం మీద పసుపు గీత వెనక నిలబడటం, విజిల్‌కు చెయ్యి పట్టుకోవడం అక్కడే అలవాటు చేయించొచ్చు.

కాచిగూడ మీటర్‌గేజ్:
ఇది బాగుంది, వచ్చే ఆదివారమే వెళ్తాం. చివరిది: పెద్దవాళ్లిద్దర్నీ ఏ పెట్టెలో కూర్చోబెట్టాలి?

మౌలాలి యార్డు:
మధ్య పెట్టె, ప్లాట్‌ఫారానికి దగ్గరి తలుపు పక్క సీటు. ఎక్కేటప్పుడు పొగ తక్కువ, ఇంజన్ చప్పుడూ తక్కువ. పాత పెట్టెల మెట్లు ఎత్తుగా ఉంటాయి, ఒకరు ముందు ఎక్కి చెయ్యి అందించాలి, ఒకరు కింద ఉండాలి. 330 మీటర్ల నుంచి 2,200 మీటర్లకు ఐదు గంటల్లో చేరతారు, ఊటీలో దిగేసరికి చలి కొడుతుంది. శాలువాలు సంచి అడుగున పెట్టకుండా పైన పెట్టండి.

బేగంపేట లూప్:
పద్దెనిమిది మందికి మూడు టికెట్లు అంటే మూడు తీర్ల పెట్టెలు పడొచ్చు అన్నా. టికెట్‌కొకరికి తలల లెక్క అప్పజెప్పుండ్రి, పిల్లలున్న టికెట్‌కు ఇద్దరిని.

కాచిగూడ మీటర్‌గేజ్:
అలాగే రాసుకున్నాను. పొద్దున 6:30కు మెట్టుపాళయం ప్లాట్‌ఫారం మీద మొదటి లెక్క, హిల్‌గ్రోవ్‌లో రెండోది, కూనూరులో ఇంజన్ మారేటప్పుడు మూడోది. కావలి వంతుల పట్టిక రేపు తయారుచేసి ఇక్కడ పెడతాను, తప్పులుంటే చెప్పండి.